సీఎన్‌జీ బంకులో మెషిన్ ఆగిపోయిందా? బెంగళూరులో మన డ్రైవర్లు తరచుగా అడిగే ప్రశ్నలు

నేను కె.ఆర్. పురం వైపు ఒక సీఎన్‌జీ బంకులో గ్యాస్‌ను నొక్కే కంప్రెసర్లు, బండ్లలో నింపే డిస్పెన్సర్ల మెయింటెనెన్స్ చూస్తాను. మాది కదిరి. మా బంకు లైన్లో నిలబడే ఆటో, క్యాబ్ డ్రైవర్లలో అనంతపురం, మదనపల్లె, చిత్తూరు వైపు వాళ్ళు చాలామంది ఉంటారు. నా యాస వినగానే పక్కకు పిలిచి, "అన్నా, నువ్వన్నా నిజం చెప్పు, గ్యాస్ ఉందా లేదా?" అంటారు. ఒక్క ముక్కలో చెప్పగలిగే జవాబైతే ఎప్పుడో చెప్పేవాణ్ణి. నాలుగేళ్ళుగా డ్రైవర్ల వాట్సాప్ గ్రూపులో అడిగినవాళ్ళకు అడిగినట్టు చెబుతూ వచ్చాను. అవన్నీ కలిపి ఇక్కడ రాస్తున్నాను.

"నో గ్యాస్" బోర్డు పెట్టారంటే నిజంగానే గ్యాస్ అయిపోయినట్టా?

చాలాసార్లు కాదు. బంకులో కుర్రాడు కన్నడంలో "ప్రెషర్ ఇల్లా సార్" (ప్రెషర్ లేదు) అంటాడు చూడండి, అసలు సంగతి ఆ మాటలోనే ఉంది. పైపులో గ్యాస్ ఉంటుంది. దాన్ని మీ సిలిండర్లోకి తోసే బలమే ఉండదు.

మీ బండి సిలిండర్ 200 బార్ (బార్ అంటే ఒత్తిడి కొలత) దాకా నిండాలి. కారు టైర్లో ఉండేది రెండు బార్ల చిల్లర, కాబట్టి దానికి దాదాపు వంద రెట్లు అనుకోండి. పైపులైన్లో వచ్చే గ్యాస్‌కు అంత ఒత్తిడి ఉండదు. కంప్రెసర్ దాన్ని పీల్చి, మూడు నాలుగు దశల్లో నొక్కి, 250 బార్‌కు తెచ్చి, వెనక ఉన్న సిలిండర్ల వరుసలో నింపుతుంది. ఆ వరుసనే క్యాస్కేడ్ అంటాం. మీ బండికి గ్యాస్ వచ్చేది ముఖ్యంగా అందులోంచి. కంప్రెసర్ ఆగినా క్యాస్కేడ్‌లో ఉన్నంతసేపు బండ్లు నిండుతూనే ఉంటాయి. కాకపోతే ఒక్కో బండి పోయేకొద్దీ ఒత్తిడి దిగుతూ వస్తుంది. మేడ మీద ట్యాంకులో నీళ్ళు అడుగంటుతుంటే కింద కుళాయి ధార సన్నబడుతుంది కదా, అలాగే. చివరికి క్యాస్కేడ్‌లోనూ బండి సిలిండర్లోనూ ఒత్తిడి సమానమైపోతుంది, మీటర్ కదలదు. అప్పుడు పెట్టే బోర్డే ఇది.

ఒక బంకులో ఎప్పుడూ ఉంటుంది, ఇంకో బంకులో ఎప్పుడు చూసినా ఉండదు. ఎందుకని?

రెండూ ఒక రకం బంకులు కావు. తేడా తెలుసుకుంటే సగం టెన్షన్ పోతుంది.

ఆన్‌లైన్ బంకుకు భూమిలోంచి ఉక్కు పైపులైనే వస్తుంది, కంప్రెసర్ అక్కడే ఉంటుంది. మదర్ స్టేషన్‌లో కూడా ఇంతే, కాకపోతే అక్కడ లారీల మీది క్యాస్కేడ్లను కూడా నింపి పంపుతారు. ఆ లారీ వచ్చి నిలబడే బంకు పేరు డాటర్ స్టేషన్. అక్కడ పైపులైను ఉండదు. లారీలో గ్యాస్ తగ్గేకొద్దీ దాని ఒత్తిడి పెంచడానికి బూస్టర్ అనే కంప్రెసర్ పెడితే అది డాటర్ బూస్టర్.

లెక్క చూడండి. 3,000 లీటర్ల క్యాస్కేడ్ లారీ 200 బార్‌తో వస్తే అందులో ఉండేది సుమారు 500 కిలోల గ్యాస్. దాన్ని చివరి కిలో దాకా వాడలేం, బూస్టర్ ఉన్నా అడుగున కొంత మిగిలిపోతుంది. కారు ఒక్కటి ఏడెనిమిది కిలోలు పట్టుకుపోతే ఒక లారీకి అరవై కార్లు కూడా కావు. ఆ తరవాతి లారీ సిల్క్ బోర్డు దగ్గరో హెబ్బాళ ఫ్లైఓవర్ కిందో ఇరుక్కుందంటే మా చేతుల్లో ఏమీ ఉండదు. పక్క ఆవరణలో లారీ, దాని పక్కన ట్రక్కు పెట్టెంత యంత్రం కనిపిస్తే అది డాటర్ బూస్టర్ బంకు అని గుర్తు పెట్టుకోండి. సాయంత్రం ఆరు తరవాత అలాంటిచోట లైన్లో చేరేముందు "లారీ ఎక్కడుంది?" అని ఒక మాట అడగండి.

అసలు బెంగళూరుకు ఈ గ్యాస్ ఎక్కణ్ణుంచి వస్తోంది? మనకు ఆలస్యంగా ఎందుకొచ్చింది?

మహారాష్ట్ర తీరంలోని దాభోల్ నుంచి. ప్రభుత్వ రంగ గ్యాస్ సంస్థ గెయిల్ వేసిన దాభోల్-బెంగళూరు పైపులైను 2013లో మొదలైంది. ఢిల్లీ, ముంబైలలో అప్పటికే ఏళ్ళ తరబడి సీఎన్‌జీ నడుస్తోంది, మన దగ్గరికి పైపే రాలేదు. అందుకే ఇక్కడి పాత ఆటోలు ఎల్‌పీజీకి అలవాటు పడ్డాయి. నగరంలో ఇంటింటికీ, బంకులకూ పంపిణీ చేసేది గెయిల్ గ్యాస్ సంస్థ.

కంప్రెసర్ ఎందుకు ఆగుతుంది? రీసెట్ నొక్కి మళ్ళీ నడపొచ్చు కదా?

ఈ ప్రశ్న రోజుకొకరు అడుగుతారు. కొందరు నా వెనకే ప్యానెల్ దాకా వచ్చి, ఎర్ర లైటు చూపించి, "అది నొక్కన్నా" అంటారు.

కంప్రెసర్ తనంతట తాను ఆగిందంటే దాన్ని ట్రిప్ అంటాం. దానికి కారణాలు నాలుగైదే. లోపలికి వచ్చే గ్యాస్ ఒత్తిడి పడిపోయి ఉండొచ్చు. ఏదో ఒక దశలో వేడి హద్దు దాటి ఉండొచ్చు. ఆయిల్ ఒత్తిడి తగ్గినా, వైబ్రేషన్ పెరిగినా, గదిలో గ్యాస్ లీకు ఉందని డిటెక్టర్ చెప్పినా ఆగుతుంది. వీటిలో మొదటిది మా యంత్రం తప్పు కాదు, లైన్లోనే ఏదో జరిగినట్టు. బెంగళూరులో రోడ్డు తవ్వని రోజు ఉండదు. ఎక్కడో జేసీబీ పంటి కింద పైపు పడిందంటే ఆ వాల్వుల మధ్య సెక్షన్ మొత్తం మూసేస్తారు. తవ్వేముందు చెప్పి తవ్వండని 2023 మార్చిలో కేంద్రం "కాల్ బిఫోర్ యు డిగ్" అనే యాప్ తెచ్చింది. యాప్ అయితే ఉంది, జేసీబీ డ్రైవర్ ఫోన్లో అది ఉందో లేదో నాకు తెలీదు.

వేడితో ట్రిప్ అయితే ఎండాకాలం మధ్యాహ్నాల్లో కూలర్ ఫ్యాన్ బెల్టు వదులైందనో, కూలర్ రెక్కల్లో దుమ్ము పేరుకుందనో అర్థం. నీళ్ళు కొట్టి కడిగి, చల్లారనిచ్చి నడిపిస్తాం. అరగంట, ముప్పావుగంట పని. అదే దశ మళ్ళీ మళ్ళీ వేడెక్కుతుంటే మాత్రం లోపల వాల్వు పోయింది. అప్పుడు రీసెట్ నొక్కడమంటే జ్వరం వచ్చినవాడి చేతిలో థర్మామీటర్ లాక్కుని పారేసినట్టే.

రెండేళ్ళ కింద భోగికి ముందు రోజు జరిగింది చెబుతాను. సాయంత్రం నాలుగింటికి లైను బయట సర్వీస్ రోడ్డు దాటింది. అందరూ ఊళ్ళకు పోయేవాళ్ళే, డిక్కీల్లో చెరుకు గడలు, సీట్ల మీద పిల్లలు. మూడో దశ వేడి పెరిగి యంత్రం ఆగింది. అంతకు ముందు దశ గేజ్ చూస్తే మామూలు కంటే ఎక్కువ చూపిస్తోంది. ముందున్న దశలో ఒత్తిడి పెరిగిందంటే తరవాతి దశ గ్యాస్‌ను సరిగా తీసుకోవడం లేదని అర్థం. మా సీనియర్ నాయర్ గారు మలయాళీ, ముప్పై ఏళ్ళుగా కంప్రెసర్లతోనే ఉన్న మనిషి. ఒక్కసారి నడపమని, పొడవాటి స్క్రూడ్రైవర్ మొనను వాల్వు మూత మీద పెట్టి, పిడిని చెవికి ఆనించుకున్నారు. పది సెకన్లు విని, ఆపమని చేయి ఊపారు. "ప్లేట్ పోయి" అన్నారు అంతే.

విప్పడం అంత తేలిక కాదు. ముందు లోపలున్న గ్యాస్ మొత్తం వదలాలి, కరెంటు తీసి తాళం వేయాలి, వేడి తగ్గాలి. రెండు గంటల తరవాత బయటికొచ్చింది ఆ వాల్వు ప్లేటు. చిన్నపిల్ల చేతి గాజంత ఉంటుంది. దాని మీద తల వెంట్రుక సన్నాన ఒక పగులు, అంచున చిన్న ముక్క ఊడిపోయి ఉంది. దాన్ని అరచేతిలో పెట్టుకుని బయటికి వెళ్ళి, లైన్లో ముందున్న పెద్దాయనకు చూపించాను. తాడిపత్రి వెళ్ళాలట. తిప్పి తిప్పి చూసి, "దీని కోసమా మేమంతా నిలబడింది!" అన్నారు. స్పేరు ఉంది కాబట్టి తొమ్మిదింటికి మళ్ళీ మొదలైంది. లేకపోయి ఉంటే పండగ బెంగళూరులోనే.

ఆ ఊడిన ముక్కతోనే రీసెట్ నొక్కి నడిపి ఉంటే అది సిలిండర్లో పడి పిస్టన్‌ను, లోపలి గోడను గీసేసేది. అప్పుడు ఐదు గంటలు కాదు, పదిహేను రోజులు.

అన్నిటికంటే తరచుగా పాడయ్యేది ఏది? కంప్రెసరేనా?

కాదు, నాజిల్లోని ఓ-రింగ్. చిటికెన వేలి ఉంగరం కంటే చిన్నది, నల్లటి రబ్బరు. రోజుకు కొన్ని వందల సార్లు బండి మూతిలోకి వెళ్ళి వస్తుంది, ప్రతిసారీ 200 బార్ మోస్తుంది. అది తెగితే నాజిల్ పెట్టగానే "స్స్‌స్" అని గట్టిగా చప్పుడొస్తుంది, ముక్కు పుటాలకు వాసన తగులుతుంది. కుర్రాడు వెంటనే మూసేసి జేబులోంచి కొత్తది తీసి వేస్తాడు. రెండు నిమిషాల పని. మీరు కంగారు పడి బండి స్టార్ట్ చేయకండి, ముందుకు తోయకండి. అలాగే నిలబడండి చాలు.

తెగడంలో సగం తప్పు బండ్లదే. మీ ఫిల్లింగ్ మూతికి ఒక దుమ్ము మూత ఇస్తారు. అది పోగొట్టుకుని ఏడాది తిరుగుతారు. ఔటర్ రింగ్ రోడ్డు మట్టి అంతా అందులో చేరి, మా ఓ-రింగ్‌ను గరుకు కాగితంలా రుద్దుతుంది.

నాజిల్ తీసేటప్పుడు "టస్" అని గ్యాస్ వస్తుంది. అది లీకా?

కాదు. వాల్వు మూసిన తరవాత నాజిల్‌లో ఇరుక్కున్న కొంచెం గ్యాస్ బయటికి పోతుంది. అది పోకపోతే నాజిల్ చేతికి ఊడి రాదు.

పూర్తిగా నింపారన్నారు, కిలోమీటరు పోగానే గేజ్‌లో ఒక గీత పడిపోయింది. మోసం కదా?

ఇందులో మోసం లేదు. గ్యాస్‌ను వేగంగా నొక్కితే వేడెక్కుతుంది. సైకిల్ పంపు కొట్టినప్పుడు గొట్టం కింద చేయి పెట్టి చూడండి. మీ సిలిండర్లో కూడా నింపిన మూడు నిమిషాల్లో లోపలి గ్యాస్ వేడిగా ఉంటుంది. ఆ వేడిలో 200 బార్ చూపించి మెషిన్ ఆగిపోతుంది. బండి కదిలి చల్లారాక ఒత్తిడి తగ్గుతుంది. గ్యాస్ ఎక్కడికీ పోలేదు, సర్దుకుంది అంతే. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం నింపితే ఈ తేడా బాగా తెలుస్తుంది. తెల్లవారుజామున నింపించుకుంటే అరకిలో దాకా ఎక్కువ పట్టొచ్చు.

మరి కిలోల్లో తేడా వస్తే? మీటర్ తప్పు చూపిస్తోందని ఎలా తెలుసుకోవాలి?

సీఎన్‌జీని లీటర్లలో కొలవరు, బరువులో కొలుస్తారు. డిస్పెన్సర్ లోపల వంపు తిరిగిన గొట్టాలు సన్నగా వణుకుతూ ఉంటాయి. వాటిలోంచి గ్యాస్ ప్రవహిస్తే ఆ వణుకులో చిన్న తేడా వస్తుంది. ఆ తేడాను బట్టి ఎంత బరువు పోయిందో లెక్కిస్తుంది. దీన్నే కోరియాలిస్ మీటర్ అంటారు. ఎండకూ చలికీ ఒత్తిడికీ అది మోసపోదు. కానీ లోపల ఆయిల్ చేరినా, సున్నా సరిగా లేకపోయినా తప్పు చెప్పొచ్చు. అందుకే తూనికలు, కొలతల శాఖ వాళ్ళు వచ్చి పరీక్షించి సీలు వేస్తారు, ఆ సర్టిఫికెట్ బంకులో ఉంటుంది. చూపించమని అడిగే హక్కు మీకుంది.

మీ వైపు నుంచి రెండు సంగతులు. నాజిల్ పెట్టేముందు స్క్రీన్ మీద సున్నా చూడండి. ఇంకోటి, 60 లీటర్ల సిలిండర్ అంటే 60 కిలోలు కాదు, అది నీళ్ళ కొలత. 200 బార్‌కు నిండితే అందులో పట్టేది సుమారు తొమ్మిది కిలోలు. బంకులో ఒత్తిడి 150 దగ్గరే ఆగిపోతే ఏడు కిలోలే. "నిన్న తొమ్మిది పట్టింది, ఈరోజు ఏడే పట్టింది" అని గొడవ పడేముందు డిస్పెన్సర్ మీద ప్రెషర్ అంకె చూడండి. అక్కడ 150 ఉంటే జవాబు దొరికినట్టే. అంకె 200 దాటి ఉండి, సిలిండర్ కూడా ఖాళీగా వచ్చి, తేడా మరీ ఎక్కువగా ఉంటే ఫిర్యాదు పుస్తకం అడగండి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915.

కరెంటు పోతే ఎందుకు ఆపేస్తారు? జనరేటర్ లేదా?

లైట్లకు, కంప్యూటర్‌కు ఉంటుంది. కంప్రెసర్ మోటారు వంద కిలోవాట్ల పైన లాగుతుంది, దాన్ని మోసే జనరేటర్ అన్ని బంకుల్లో ఉండదు. కొన్నిచోట్ల గ్యాస్ ఇంజనుతోనే నడిచే కంప్రెసర్లు ఉంటాయి, వాటికి ఈ బాధ తక్కువ. కరెంటు వచ్చాక కూడా పది పదిహేను నిమిషాలు పడుతుంది. ఆయిల్ తిరగాలి, లోడు లేకుండా కాసేపు నడవాలి. ఫ్యాన్ స్విచ్ వేసినట్టు వేస్తే కుదరదు.

నాజిల్ పీకకుండానే బండి ముందుకు పోనిచ్చాను. ఇప్పుడేం చేయాలి?

ముందు బండి ఆపండి, ఇంజన్ ఆపేయండి, దిగండి. హోస్‌ను (నాజిల్ ఉన్న గొట్టాన్ని) మీరు ముట్టుకోవద్దు.

హోస్ మొదట్లో బ్రేక్‌అవే అనే జాయింటు ఉంటుంది. గట్టిగా లాగితే అది ఊడిపోయేలానే తయారుచేస్తారు. ఊడగానే రెండు చివరలా లోపలి వాల్వులు మూసుకుంటాయి. అది లేకపోతే డిస్పెన్సరే మొదలంటా ఊడి వచ్చేది. కాబట్టి అది ఊడడం ప్రమాదం కాదు, ప్రమాదం తప్పడం. కానీ దాన్ని ఊరికే మళ్ళీ తగిలించి నడపకూడదు. హోస్‌కు లోపల దెబ్బ తగిలిందా, జాయింటు లీకవుతోందా అని పరీక్షించాలి. ఆ వైపు నాజిల్ కనీసం సగం రోజు బందు. ఖర్చు ఎవరిదన్నది బంకు వాళ్ళూ మీరూ తేల్చుకోవాలి. సాధారణంగా డ్రైవర్ మీదే పడుతుంది.

నేను చూసినవాటిలో మూడింట మూడూ ఒకే తీరు. యూపీఐ పేమెంట్ అయిందని స్పీకర్ చెప్పింది, ఫోన్లో రైడ్ మోగింది, చేయి గేరు మీదికి పోయింది. కొత్త కార్లలో ఫిల్లింగ్ మూత తెరిచి ఉంటే ఇంజన్ స్టార్ట్ కాకుండా స్విచ్ ఉంటుంది. కొందరు అది తరచుగా మొరాయిస్తోందని మెకానిక్‌తో తీయించేస్తారు. దయచేసి ఆ పని చేయకండి.

నింపేటప్పుడు అందర్నీ ఎందుకు దించేస్తారు? వానలో ముసలివాళ్ళు, చంటిపిల్లలు ఉన్నా?

నాకూ బాధగానే ఉంటుంది. కానీ సిలిండర్ అత్యంత ఒత్తిడికి లోనయ్యే సమయం అదే. అన్ని రోజుల్లో దాని బలహీనత బయటపడేది ఏదన్నా ఉంటే ఆ మూడు నిమిషాల్లోనే. కారులో సిలిండర్ వెనక సీటుకు ఆనుకునే ఉంటుంది. పందిరి కింద నిలబడేందుకు చోటు అడగండి, మా బంకులో కుర్చీ వేస్తారు.

హైడ్రోటెస్ట్ డేట్ అయిపోయిందని గ్యాస్ పట్టలేదు. రెండు రోజులు ఆలస్యమైతే ఏమవుతుంది?

మూడేళ్ళకొకసారి సిలిండర్‌ను నీటి ఒత్తిడితో పరీక్షించాలన్నది నిబంధన, పెసో (పేలుడు పదార్థాల భద్రత చూసే కేంద్ర సంస్థ) ఆమోదించిన కేంద్రంలోనే చేయించాలి. కుర్రాడు బండి మీద టెస్ట్ డేట్ ఉన్న ప్లేటు చూసి వద్దన్నాడంటే వాడి పని వాడు చేశాడు. వాణ్ణి తిట్టి లాభం లేదు. టెస్ట్ కేంద్రంలో సిలిండర్ విప్పి, ఖాళీ చేసి, పరీక్షించి, ఎండబెట్టి ఇవ్వాలి కాబట్టి బండి ఆ రోజుకు ఆగిపోతుంది. డేట్‌కు నెల ముందే చూసుకోండి.

పక్క బండికి మామూలుగా నిండింది, నా బండికే చాలా నెమ్మదిగా వస్తోంది.

అయితే తేడా మీ బండిలో ఉంది. మీ ఫిల్లింగ్ మూతి వెనక ఒక వాల్వు ఉంటుంది, గ్యాస్ లోపలికి మాత్రమే పోనిచ్చి వెనక్కి రానివ్వదు. అందులో మట్టి, ఆయిల్ పేరుకుంటే ఇలా అవుతుంది. సిలిండర్ మీది వాల్వు ఎవరో సగమే తెరిచి వదిలేసి ఉండొచ్చు కూడా. కిట్ కంపెనీ సర్వీస్ సెంటర్లోనే చూపించండి. రోడ్డు పక్కన విప్పించుకోకండి. 200 బార్ లైను మీద రెంచ్ పెట్టేవాడికి చదువు ఉండాలి.

నాజిల్ మీద మంచు పడుతోంది. ప్రమాదమా?

ఎక్కువ ఒత్తిడి నుంచి తక్కువ ఒత్తిడికి గ్యాస్ ఒక్కసారిగా దిగితే చల్లబడుతుంది. బయట తేమ దాని మీద మంచులా పడుతుంది. వానాకాలంలో ఎక్కువ. పైన పడితే భయం లేదు. గ్యాస్ లోపలే తేమ ఉంటే లోపల గడ్డకట్టి దారి మూస్తుంది, అది మా డ్రయర్ పనిచేయడం లేదని గుర్తు. వరసగా నాలుగైదు బండ్లకు అలా అయితే మాకు చెప్పండి, చెబితే మంచిదే.

గ్యాస్ వాసన వస్తే?

సహజవాయువుకు సొంత వాసన లేదు. లీకైతే తెలియాలనే కుళ్ళిన కోడిగుడ్డు లాంటి వాసన కలుపుతారు. గాలిలో 5 నుంచి 15 శాతం మధ్య ఉన్నప్పుడే అది అంటుకుంటుంది. గాలి కంటే తేలిక కాబట్టి బయట పైకి ఎగిరిపోతుంది.

ఎల్‌పీజీ ఆటో నుంచి సీఎన్‌జీకి మారినవాళ్ళు ఈ తేడా గమనించాలి. ఎల్‌పీజీ బరువు, నేలమీద పాకి గుంటల్లో చేరుతుంది. సీఎన్‌జీ తలుపులన్నీ మూసిన కారులో, పైకప్పు ఉన్న షెడ్డులో పైన చేరుతుంది. కారులో వాసన వస్తే ఇంజన్ ఆపి, అందర్నీ దించి, తలుపులూ డిక్కీ తెరవండి. లైటు, ఏసీ స్విచ్‌లు ముట్టుకోవద్దు. చేయి అందితే సిలిండర్ మీది వాల్వు మూసేయండి. ఎక్కువగా వస్తుంటే 112కు ఫోన్ చేయండి, బండికి దూరంగా వెళ్ళాకే. బంకులో అయితే ఎర్రటి పుట్టగొడుగు లాంటి బటన్ ఉంటుంది, అది ఎవరైనా నొక్కొచ్చు. నొక్కితే బంకు మొత్తం ఆగుతుంది. భయపడి తప్పుగా నొక్కినా మేం ఏమీ అనం. మళ్ళీ మొదలుపెట్టడానికి ఇరవై నిమిషాలు పడుతుంది, లైన్లో ఉన్నవాళ్ళు మాత్రం అంటారు.

ఎంతసేపు పడుతుందని అడిగితే "పది నిమిషాలు" అంటారు, గంటైనా కాదు. ఎందుకబద్ధం చెబుతారు?

ఫిల్లింగ్ కుర్రాడికి నిజంగా తెలీదు. వాడు ప్యానెల్ చూడడు. వాణ్ణి ఎంతసేపు అని కాకుండా "ఏమైంది?" అని అడగండి. ఓ-రింగ్ అంటే నిలబడండి. వేడి ట్రిప్ అంటే టీ తాగి రండి. లారీ రావాలంటే అది ఎక్కడుందో కనుక్కోండి. వాల్వు విప్పుతున్నారంటే, లేదా బయటి నుంచి ఇంజనీరు రావాలంటే, ఇంకో బంకు చూసుకోండి. టెక్నీషియన్ చేతిలో స్పానర్ కనిపిస్తే ఇక ఆ పూటకు ఆశ వదులుకోవచ్చు.

పండక్కి ఊరికి సీఎన్‌జీ మీదే పోవచ్చా?

పోవచ్చు, కానీ దాని మీదే ఆధారపడకండి. పండగ ముందు రెండు రోజులు ప్రతి బంకూ ఆపకుండా నడుస్తుంది, యంత్రాలు పాడయ్యేదీ అప్పుడే. ముందు రోజు రాత్రి పదకొండు తరవాత నింపించుకోండి. కారైతే ట్యాంకులో సగమన్నా పెట్రోలు ఉంచండి, అప్పుడప్పుడూ పెట్రోలు మీద నడపండి కూడా, లేకపోతే అవసరమైన రోజు అది కూడా మొరాయిస్తుంది. ఆటోవాళ్ళకు ఉండేది రెండు మూడు లీటర్ల చిన్న ట్యాంకే. దాన్ని నమ్ముకుని ముళబాగిలు దాటి పలమనేరు ఘాటు వైపు పోకండి. ఆటో ఇక్కడే పెట్టి బస్సెక్కండి, సీట్లు ముందే అయిపోతాయి కాబట్టి టికెట్ వీలైనంత ముందుగా చూసుకోండి.